మృతుల సొత్తు ఎవరి చేత నుండవలయును?

చెక్ దేశమునకు రాజధానియగు ప్రాగ్ నగరమున యూదుల మ్యూజియమొకటి కలదు. యూదుల పూజాసామగ్రి, పట్టుపరదాలు, వెండిపనులు, ప్రాచీన గ్రంథములు ఇంత విస్తారముగ నొక్కచోట చేరియున్న తావులు యూరపుఖండమున మిక్కిలి అరుదు. సుమారు 40 వేల వస్తువులును, లక్ష గ్రంథములును అందున్నవి. చూడవచ్చినవారు ఆ జరీపనిని, ఆ వెండి కిరీటములను గాంచి సంతోషింతురు. ఇంత సంపద యెట్లు చేరినదని యడిగినవారికి మాత్రము ఆ సంతోషము నిలువదు. యుద్ధమునకు ముందు ఆ మ్యూజియమునందున్నవి ఇంచుమించు వేయి వస్తువులు. యుద్ధము ముగియునాటికి పట్టికలోని చీటీలు లక్షకు పైబడెను. ఆ నడుమ దానమిచ్చినవాడు లేడు, వెలకు అమ్మినవాడు లేడు. బొహీమియా, మొరావియా సీమలలో 153 ఊళ్ల యూదసమాజములు ఖాళీ చేయబడెను. మనుష్యులు రైళ్లమీద మృత్యుశిబిరముల త్రోవ పట్టిరి. వారి సామగ్రి ప్రాగ్ నగరమునకు వచ్చెను.

నాజీలు 60 లక్షల యూదులను సంహరించిన వృత్తాంతము మా పాఠకులు ఎరుగనిది కాదు. దానిని కన్నులార చూచి బ్రదికి బయటపడినవారు ఒక్కరొక్కరుగ గతించుచున్నారు. యుద్ధము ముగిసి ఎనుబది యేండ్లు దాటినవి. నాడు పసివారుగనున్నవారే నేడు పండు ముదుసళ్లు. ఇకమీదట ఆ మారణహోమమునకు సాక్ష్యము పలుకవలసినవి కాగితములు, వస్త్రములు, బొమ్మలు. న్యాయస్థానములలో మెలగువారికి ఈ పరిస్థితి క్రొత్తది కాదు. సాక్షి మరణించినప్పుడు దస్తావేజు మాటలాడును. అయితే ఆ దస్తావేజు ఇన్నాళ్లు ఎవరి స్వాధీనమున నుండెను, ఎవరు వ్రాసిరి, ఎందులకు వ్రాసిరి యని ప్రతిపక్షమువారు మొదట నడుగుదురు. అడుగుట న్యాయమే. ప్రాగ్ మ్యూజియమును గూర్చి మేమును ఆ ప్రశ్నలనే యడుగదలచితిమి. ఏలయన, ఒక జాతియొక్క స్మృతిని కాపాడుచున్నామని చెప్పుకొను ప్రతి సంస్థకును ఈ మ్యూజియము చరిత్రలో ఒక పాఠమున్నది.

దీని పుట్టుకయే ఒక కూల్చివేతలో నున్నది. పందొమ్మిదవ శతాబ్దము చివర ప్రాగ్ పురపాలకులు ఆరోగ్యము పేరిట పాత యూదులపేటను పడగొట్టి వెడల్పైన వీథులు వేయించిరి. యూదులు తమ ప్రార్థనామందిరములను సినగాగులందురు. ఇండ్లతోబాటు అట్టి సినగాగులు కొన్ని నేలమట్టమయ్యెను. అందలి సామగ్రి చెల్లాచెదరు కాకుండ కాపాడవలెనని సాలమన్ హ్యూగో లీబెన్ అను చరిత్రకారుడును, ఆగస్టిన్ స్టైన్ అను సమాజప్రముఖుడును 1906లో మ్యూజియమును నెలకొల్పిరి. అది తమవారి వస్తువులను తమవారే దాచుకొన్న చిన్న సంస్థ. వారు నమ్మినది ఒక్కటే: పేట పోయినను దాని గురుతు పోరాదు. ముప్పదియారేండ్లకు పేటలు గాక ప్రజలే పోవుదురని వారు తలచియుండరు.

1939 మార్చిలో జర్మను సేనలు ప్రాగ్ నగరమును ఆక్రమించెను. 1941 శరత్కాలమునుండి యూదులను తరలించు రైళ్లు బయలుదేరెను. ఒక్కొక్క ఊరు ఖాళీయగుచుండగా అచ్చటి సినగాగులోని వస్తువులేమి కావలెను? వీటినన్నిటిని ప్రాగ్ నగరమున ఒక కేంద్ర మ్యూజియమునందు చేర్చుటకు 1942లో అచ్చటి యూదసమాజపు వారే ప్రతిపాదించిరి. నాజీ అధికారులు సమ్మతించిరి. సమ్మతించుటలో వారి యుద్దేశమేమి? "నశించిన జాతికి మ్యూజియము" కట్టదలచిరని లోకమున ఒక మాట ప్రచారములోనున్నది. ఆ కాలపు నాజీ కాగితములలో ఆ మాట కనబడలేదని చరిత్రకారులు చెప్పుచున్నారు. రుజువులేని మాటను మేమును వాడము. రుజువైనవి చాలును. ప్రదర్శనములు సిద్ధపరుపబడెను, అవి ప్రజలు చూచుటకు గావు. చూచినవారు ఆ హత్యలను నడిపించుచుండిన అధికారులు, వారి యతిథులు. యూదసమాజపు పెద్దల ఆశ వేరు. వస్తువులు నిలిచినచో ఏనాటికైనను యజమానులు తిరిగివచ్చి తమ తమ ఊళ్లకు కొనిపోవుదురని వారు తలంచిరి. ఒకే కప్పు క్రింద, ఒకే పనిలో, చంపువాని యుద్దేశమును చచ్చువాని యుద్దేశమును ఇంత దగ్గరగ నడచిన సందర్భము చరిత్రలో మేమెరుగము.

ఆ పని యెట్టిదో కొంచెము వివరింపవలయును. ఊరినుండి కట్టలు వచ్చును. తోరా గ్రంథపు చుట్టలపై కప్పు ముసుగులు, ఆ చుట్టలుంచు మందసము ముందు వ్రేలాడు పరదాలు, వెండి కిరీటములు వచ్చును. తోరా చదువునప్పుడు అక్షరములను వ్రేలితో తాకరాదు. కొసయందు చిన్న చేయి మలచిన వెండిపుల్లతో పంక్తిని చూపుచు చదువుదురు. అట్టి పుల్లలు వచ్చును. నిపుణులొక్కొక్కదానిని చూచి, అది యేమి, ఏ కాలమునాటిది, ఏ ఊరిది యని నిర్ణయించి, సంఖ్యవేసి, చీటీ వ్రాయుదురు. పరదాలలో పెక్కింటిమీద హీబ్రూ అక్షరములతో దాత పేరు, భార్య పేరు, సమర్పించిన సంవత్సరము కుట్టబడియుండును. మన దేవాలయములలో అఖండదీపమునకు గొఱ్ఱెలనిచ్చినవాని పేరు కంబముమీద చెక్కినట్లే. రెండువందల యేండ్ల క్రిందటి దాత పేరును శ్రద్ధగ చదివి చీటీపై నెక్కించినవానికి, ఆ దాత మునిమనుమలు ఆ వారమే ఏ రైలెక్కిరో తెలిసియుండును. తన పేరును తరువాతి రైలు జాబితాలో నుండవచ్చునని తెలిసియుండును. అయినను చీటీలలో తొందరపాటు లేదు, అలక్ష్యము లేదు.

ఈ నిపుణులలో తోబియాస్ యాకొబొవిట్స్ గ్రంథాలయాధికారి. జోసెఫ్ పోలాక్ మ్యూజియముల పనిలో ఆరితేరినవాడు. ప్రదర్శనములను తీర్చిన ఫ్రాంటిషెక్ జెలెంకా నాటకరంగములను అలంకరించుటలో ప్రసిద్ధుడు. యుద్ధము ముగియునాటికి ఈ ముగ్గురిలో ఎవరును లేరు. ఆ పండితవర్గమున బ్రదికి వచ్చినది హానా వొలావ్‌కొవా అను విదుషీమణి యొక్కతెయే. యుద్ధానంతరము మ్యూజియము భారము ఆమెపై పడెను. వస్తువులు లక్ష, వాటిని తిరిగి తీసికొనవలసిన సమాజములు చాలవరకు లేనేలేవు.

ఇచ్చట మేమొక మాట గట్టిగ చెప్పవలసియున్నది. జాబితా యనునది తనంత తాను మంచిదియు గాదు, చెడ్డదియు గాదు. దోచుకొన్నవాడును జాబితా వ్రాయును. తిరిగి యిచ్చువాడును వ్రాయును. ప్రాగ్ చీటీలను దోపిడికాని జాబితానుండి వారసుల జాబితాగ మార్చినది ఒకే యంశము. ఆ మృతనిపుణులు ప్రతి చీటీమీదను ఊరి పేరు వ్రాసియుంచిరి. వెండి యెంత తూగినదని మాత్రమే వ్రాసి విడిచియుండిన, నేడు మనకు మిగులునది ఒక వెండికుప్ప.

నాజీలు పోయిన తరువాతనైనను ఈ సొత్తు సరియైన చేతికి వచ్చెనా? రాలేదు. 1950లో మ్యూజియము ప్రభుత్వపరమయ్యెను. కమ్యూనిస్టు ప్రభుత్వము దానిని మూసివేయలేదు; మొదట మంచిపనియు జరిగెను. పింకాస్ సినగాగు గోడలపై, బొహీమియా మొరావియా సీమలలో హతులైన యూదుల పేర్లన్నియు వ్రాయింపబడెను. వాస్లావ్ బొష్టిక్, యిరీ జోన్ అను ఇద్దరు చిత్రకారులు 1954 మొదలు 1959 వరకు ఈ పనిచేసిరి. రమారమి 78 వేల పేర్లు. ఊరివారీగ, ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, ఆపైన మరియొక తేదీ. ఆ రెండవ తేదీ మరణదినము కాదు. ఆ మనుష్యుడు బ్రదికియున్నట్లు చివరిసారి తెలిసిన దినము. పెక్కుమందికి మరణదినము వ్రాసినవాడు లేడు గనుక, తెలిసినంతవరకే వ్రాసి నిలిపిరి. ఏ ధర్మాసనమైనను మెచ్చదగిన నిజాయితీ యిది.

ఆ గోడ పదియేండ్లైనను నిలువలేదు. 1968లో సోవియట్ సేనలు దేశమున ప్రవేశించిన యేటనే ఆ మందిరము మూతబడెను. నేలనుండి చెమ్మ యెక్కి గోడలు చెడుచున్నవని కారణము. చెమ్మ యుండుట అబద్ధము కాదు. కాని మరమ్మతులు ఇరువదియేండ్లకు పైగ సాగెను. ఆ సందున గచ్చుతోబాటు పేర్లును పోయెను. ఊరకుండుటచేత చెరిపినను చెరుపుటయే. ఆజ్ఞాపత్రము లేదు, సంతకము లేదు, నేరారోపణ చేయుటకు మనుష్యుడు లేడు. ప్రభుత్వములు చేయు అపరాధములలో పట్టుకొనుటకు మిక్కిలి కష్టమైనది ఈ తరగతియే. 1989లో ఆ ప్రభుత్వము కూలిన పిమ్మట, 1992 మొదలు 1996 వరకు 78 వేల పేర్లను తిరిగి మొదటినుండి వ్రాసిరి. 2002 ఆగష్టులో వ్లతావానది వరదకు అడుగు వరుసలు మరల చెడెను, మరల వ్రాసిరి. ఈ మూడవసారికి కారణము నది యొక్కటే. అందుచేత ఆలస్యము జరుగలేదు.

ఆ సినగాగు మేడమీద ప్రదర్శింపబడిన బొమ్మలను గూర్చి చెప్పక విడువలేము. ప్రాగ్ నగరమునకు ఉత్తరమున తెరెజిన్ అను కోటపట్టణమున్నది. నాజీలు దానిని యూదుల నిర్బంధస్థానముగ జేసిరి. 1 లక్ష 40 వేలకు పైబడిన మనుష్యులు అందు నింపబడిరి. సుమారు 33 వేలమంది అచ్చటనే ఆకలిచేతను రోగములచేతను మరణించిరి. సుమారు 88 వేలమంది తూర్పుననున్న మృత్యుశిబిరములకు పంపబడిరి. అచ్చటి బిడ్డలకు బడి చెప్పుట నిషేధము. బొమ్మలు వేయించుటకు మాత్రము అడ్డు లేకుండెను. వియన్నాలో పుట్టి, జర్మనీలో బౌహౌస్ అను ప్రఖ్యాత కళాశాలయందు చదివిన ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అను చిత్రకారిణి 1942 డిసెంబరులో అచ్చటికి తేబడెను. ఆమె ఆఫీసుల చిత్తుకాగితముల వెనుకప్రక్కలను బిడ్డలకిచ్చి చిత్రలేఖనము నేర్పెను. చూచినది, తలచినది, కలగన్నది వేయుమనెను. ఎవరి బొమ్మపై వారి పేరు వ్రాయుమనెను. శిబిరపు లెక్కలలో ఆ బిడ్డలు సంఖ్యలు. ఆమె తరగతిలో పేర్లు గలవారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌నకు పంపి చంపిరి. బిడ్డలలో పెక్కుమంది గతియు నదియే. సుమారు 4,500 బొమ్మలు మాత్రము దాగి బ్రదికి, యుద్ధానంతరము ప్రాగ్ యూదసమాజమునకు పెట్టెలలో చేరెను. పూలకుండీలు, సీతాకోకచిలుకలు, రైలుబండ్లు, మూడంతస్తుల చెక్కపడకలు. పేరుండుటచేతనే ఏ బొమ్మ ఏ బిడ్డదో, ఆ బిడ్డ యేమయ్యెనో నేడు చెప్పగలుగుచున్నారు.

మావంటి వారపత్రిక వారికి మనస్సు కరగించు మరియొక సంగతి. అదే తెరెజిన్‌లో మొదటి నంబరు గదిలోని బాలురు 'వెదెమ్' అను రహస్య వారపత్రికను నడిపిరి. 'మేము ముందు నడచెదము' అని ఆ మాటకర్థము. అచ్చు లేదు; ఒక్కటే ప్రతి. శుక్రవారము సాయంకాలము బాలురందరు చేరి చదివి వినిపించుకొనెడివారు. మన పల్లెల పఠనమందిరములలో ఒక్క ప్రతిని ఒకరు చదువ పదిమంది వినిన దినములను ఎరిగినవారికి ఈ చిత్రము వింతగ దోపదు. సంపాదకుడు పేటర్ గింజ్. ఆరంభించునాటికి వానికి పదునాలుగేండ్లు. 1942 డిసెంబరునుండి ఇంచుమించు రెండేండ్లు పత్రిక నడచెను. పదునారవ యేట సంపాదకుని ఆష్విట్జ్‌లో చంపిరి. పత్రికను ఒక బాలుడు దాచగా సుమారు 800 పుటలు మిగిలెను. ఆ పేటర్ వేసిన బొమ్మ యొకటి, చంద్రమండలపు కొండలమీదినుండి కనబడు భూగోళము, జెరూసలేములోని యాద్ వాషెమ్ స్మారకసంస్థలోనున్నది. దాని నకలును ఇలాన్ రామోన్ అను ఇశ్రాయేలు వ్యోమగామి 2003లో కొలంబియా నౌకలో ఆకాశమునకు గొనిపోయెను. ఆ నౌకలోనే మన కల్పనా చావ్లాయు నుండెను. ఆ సంవత్సరము ఫిబ్రవరి 1న ఆ నౌక భగ్నమై ఏడుగురును మరణించిరి. బ్రదికియుండిన పేటర్‌కు నాటికి 75 యేండ్లు నిండియుండును. అది వాని పుట్టినదినము.

మ్యూజియము 1994 అక్టోబరులో తిరిగి యూదసమాజముల సమాఖ్య పరమయ్యెను. దీనిని తప్పుపట్టువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును ఉందురు. చెక్ దేశమున మిగిలిన యూదులు కొలదిమంది. ఇంత నిధిని కాపాడు శక్తి వారికెక్కడిది? ప్రభుత్వమునకు ధనమున్నది, కావలివారున్నారు, నిపుణులున్నారు గదా యని వారి వాదము. ఈ వాదము మన చెవులకు బహుపరిచితము. అమరావతి స్తూపపు శిల్పఫలకములు 1859లో లండనుకు చేరినవి. నేటికిని బ్రిటిష్ మ్యూజియములోనున్నవి. మేము వానిని జాగ్రత్తగ చూచుకొనుచున్నాము, మీకు చేతనయ్యెడిదా యని పాలకులు మనలను ఎన్ని తరములు అడుగలేదు? రెండు వృత్తాంతములు సమానమని మేమనము. ప్రాగ్ సొత్తు వెనుక నున్నది ఒక ప్రజయొక్క వధ, అమరావతి వెనుక నట్టిది లేదు. కాని కాపాడుశక్తి కలవానికే యాజమాన్యము చెందునను తర్కము రెండుచోట్లను ఒక్కటే. న్యాయశాస్త్రమున ఆ తర్కమునకు చోటులేదు. నిక్షేపము దాచినవాడు ఎంత పదిలముగ దాచినను దాచినవాడే; యజమాని కాడు. ఇక శక్తి మాట. పింకాస్ గోడను పాడుపెట్టినది ధనము గల ప్రభుత్వము. తిరిగి నిలిపి కాపాడుచున్నది ఆ కొలదిమంది.

ఇంకొక హెచ్చరికయు నవసరము. మృతుల పేర్లను ఏ రాజ్యముగాని, ఏ రాజకీయ పక్షముగాని నేటి తమ కార్యములకు సాక్షులుగ పిలుచుకొనుటకు వీలులేదు. ఆ గోడమీది 78 వేలమంది ఎవరికిని వకాలతునామా వ్రాసి యీయలేదు. అట్లే, నేటి ఏ రాజ్యముమీది కోపముచేతనైనను ఆ గోడ అబద్ధమను నోళ్లకు మన పఠనమందిరములలో తావీయరాదు. ఇవి రెండును వేరు వేరు దోషములు. ఒకదానిచేత మరియొకటి మాసిపోదు.

దోచిన సొత్తు తిరిగి యిచ్చుటను గూర్చి 1998లో వాషింగ్టన్‌లో 44 రాజ్యములు కొన్ని సూత్రముల నంగీకరించినవి. 2009లో తెరెజిన్ పేరిటనే మరియొక ప్రకటన వెలువడెను. రెండును నిర్బంధమైన శాసనములు గావు. రాజ్యముల సద్బుద్ధికి విడిచిన మాటలు. వ్యాజ్యెము వేసినవాని నోట దుమ్ముకొట్టుటకు కాలదోషమును, సాంకేతికపు చిక్కులను అడ్డుపెట్టు మ్యూజియములు నేటికిని కలవు. తాతగారి గోడమీది చిత్రపటమునకు రసీదు చూపుమని మనుమరాలినడిగిన, ఆమె యెచ్చటినుండి తెచ్చును? రసీదులున్న బీరువాతోగూడ ఇల్లు పోయినది. ఋజువుభారమును వస్తువు చేతగలవానిమీదికి మార్చు చట్టములు దేశదేశమునను రావలయును. సూత్రములతో సరిపుచ్చుట చాలదు.

చివరగ తోరా చుట్టల సంగతి. తోలుకాగితముమీద చేతితో వ్రాసిన ఆ చుట్టలు 1,564, ప్రాగ్ శివారున పాడుబడిన యొక సినగాగులో చెమ్మకు నానుచు పడియుండెను. ప్రభుత్వము వాటిని విదేశీద్రవ్యమునకై అమ్మివేసెను. 1964లో అవి లండనులోని వెస్ట్‌మినిస్టర్ సినగాగునకు చేరెను. కొన్న దాత వాటిని వ్యాపారము చేయలేదు. డేవిడ్ బ్రాండ్ అను లేఖకుడు మరమ్మతు పనియేమైన గలదాయని ఒకనాడు అచ్చటికి వచ్చి, ఇరువదియేడేండ్లు అందే కూర్చుండి ఒక్కొక్క యక్షరమును బాగుచేసెను. తరువాత వాటిని లోకములోని సినగాగులకు పంపిరి. అమ్మలేదు, దానమును చేయలేదు, ఎరువుగ నిచ్చిరి. పుచ్చుకొన్నవారు ఆ చుట్ట ఏ ఊరిదో తెలిసికొని, ఆ ఊరి మృతులను తలచుకొనుచుందురు. కొన్ని చుట్టలకు మాత్రము యుద్ధకాలమున కట్టిన చీటీ ఎక్కడనో ఊడిపోయినది. అవి ఏ ఊరివో నేటికిని తెలియదు. వాటిని అనాథలందురు.